దేవదారు పొట్టు

శనివారం సాయంత్రం కలప మిల్లులో మిషన్లు ఆగాక అందరూ చేతులు కడుక్కోవడానికి కుళాయి దగ్గరికి వెళ్ళిపోయారు. పలకల్ని నునుపు చేసే చిత్రిక మేస్త్రి మాత్రం గోనెసంచీ పట్టుకుని పొట్టు కుప్ప ముందు చతికిలబడ్డాడు. వారం వారం చేసే పనే అది. అడుగునున్న పొడిని వదిలేసి, పైనున్న పొడవాటి చుట్టల్ని ఏరి సంచీలో వేసుకునేవాడు. అన్ని కలపలూ పనికిరావు. ఎర్ర కలప పొట్టు గుచ్చుకుంటుంది. నల్లది తడి తగిలితే మరకలు చేస్తుంది. దేవదారు అయితే పట్టుగుడ్డలా చుట్టుకుంటుంది, ఇల్లంతా ఘుమఘుమలాడుతుంది కూడా. ఆ రోజు పొద్దుటినుంచీ దేవదారు పలకలకే చిత్రిక పట్టాడు కాబట్టి సంచీ ఇట్టే నిండింది.

రంపం మిషను మీద పనిచేసే మనిషిని అందరూ బక్కోడు అంటారు. అతను గుమ్మంలో నిలబడితే అవతలి వెలుతురు కనిపించదు. తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ వచ్చి సంచీలోకి తొంగిచూశాడు.

"అన్నా, నేను పడుకునేది చాప మీద. ఈసారి పుడితే మీ ఇంట్లో కుందేలుగా పుడతాను" అన్నాడు.

మేస్త్రి నవ్వబోతే దగ్గొచ్చింది. అది ఆగేదాకా గోడకి చెయ్యి ఆనించి నిలబడి, ఆ తర్వాత మిగిలిన నవ్వు నవ్వాడు.

ఇల్లు రెండు గదులది. వెనక వరండాలో కుందేళ్ళ గూడు ఉంది. గూడు అతనే చేశాడు. ఎక్కడా ఒక్క మేకు లేదు, అన్నీ పళ్ళ అతుకులే. అంచులు చేత్తో తడిమితే గాజులా జారిపోతాయి. తాము పడుకునే మంచానికి మాత్రం నాలుగేళ్ళుగా ఒక కోడు ఊగుతూనే ఉందని అతని భార్య ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పేది. గూట్లో రెండు కుందేళ్ళు. బూడిదరంగుది బూడిద. తెల్ల ఒంటికి చెవి పక్కన నల్లగా ఉన్నది మచ్చ. ఆ పేర్లు పెట్టింది పదకొండేళ్ళ కూతురు.

ఆదివారం పొద్దున్న తండ్రీకూతుళ్ళు పాత పొట్టు ఊడ్చేసి కొత్తది పరిచారు. మేస్త్రి రెండు చేతులా ఎత్తిపోస్తుంటే, కూతురు మోచేతి దాకా చెయ్యి దించి లోతు చూసింది. కుందేళ్ళని వదలగానే బూడిద ఒక మూలకి పోయి వీపు తిప్పుకుని కూర్చుంది. మచ్చ పొట్టులో మూతి పెట్టి, వెనక్కి గెంతి తుమ్మింది. మళ్ళీ తుమ్మింది. ఐదోసారి తుమ్మాక ముందుకాళ్ళతో ముక్కు రుద్దుకుంది.

చలిగాలికి అలా ఉంటుందిలే అన్నాడు మేస్త్రి. కూతురు ఒప్పుకోలేదు. మచ్చని ఎత్తి ఒళ్ళో పెట్టుకుని ముందుకాళ్ళు విడదీసి చూపించింది. లోపలివైపు బొచ్చు తడిసి అట్టకట్టి ఉంది.

"ముక్కు కారుతుంటే దీంతోనే తుడుచుకుంటోంది. పోయిన ఆదివారం కూడా ఇంతే నాన్నా. కొత్త పొట్టు వేసిన రోజే ఎక్కువ తుమ్ముతాయి. నాలుగు రోజులకి కాస్త తగ్గుతుంది. అప్పటికి నువ్వు మళ్ళీ కొత్తది తెస్తావు."

ఆ చివరి మాట అతనికి గుచ్చుకుంది. గూటి తలుపు తీసి మూసి, తీసి మూసి, బందు బిగువు చూస్తున్నట్టు నటించాడు. ఆ రోజంతా ఒకచోట కుదురుగా కూర్చోలేకపోయాడు. అన్నం తింటూ తింటూ లేచి వరండాలోకి వెళ్ళి చూసొచ్చాడు. పడుకున్నవాడు లేచి మళ్ళీ వెళ్ళాడు. తను వెళ్ళినప్పుడల్లా మచ్చ పనిగట్టుకుని తుమ్ముతున్నట్టే అనిపించింది. రేపు డాక్టరుకి చూపించి తీరాలని కూతురు సాయంత్రానికి పట్టుబట్టింది. భార్య కూడా కూతురి పక్షమే చేరింది.

సోమవారం ఒక పూట సెలవు పెట్టి వెళ్ళారు. పశువుల డాక్టరు ముప్ఫయ్యేళ్ళు దాటని మనిషి. మెత్తటి మాట, గట్టి చేతులు. మచ్చ కళ్ళు అరచేత్తో మూసి బల్లమీద కూర్చోబెట్టి, చెవులు చూసింది, పళ్ళు చూసింది, పాదాలు తిరగేసింది. స్టెతస్కోపు చెవులకి తగిలించుకుని కాసేపు విన్నది. నొసలు ముడిచి మళ్ళీ విన్నది. తర్వాత మేస్త్రి వైపు తిరిగి, ఏమీ అనుకోవద్దు, కాసేపు బయట నిలబడమని అడిగింది.

అతను బయటికొచ్చి అద్దం తలుపు ఇవతల నిలబడ్డాడు. లోపల కూతురు ఏదో అడుగుతోంది, డాక్టరు తల ఊపుతోంది. పెద్దవాణ్ణి బయటికి పంపి పిల్లతో మాట్లాడ్డమేమిటని అతనికి చిన్నతనం అనిపించింది. పక్క బెంచీ మీద కాలికి కట్టున్న కుక్క ఒకటి అతన్ని జాలిగా చూసింది. లోపలికి రమ్మన్నాక, కూతురు బలవంతం మీద తెచ్చిన పొట్టు పొట్లం విప్పి బల్లమీద పెట్టాడు. డాక్టరు వాసన చూసింది.

"వాసన బాగుంది. దీనితో వచ్చిన తంటా కూడా అదే" అంది.

ఆ తర్వాత నిదానంగా, పిల్లకి చెబుతున్నట్టే అతనికీ చెప్పుకొచ్చింది. కుందేలు నోటితో గాలి పీల్చదు, ముక్కుతోనే పీలుస్తుంది. ఆ ముక్కు రోజంతా పక్కమీదే ఆనించి ఉంటుంది. దేవదారులో ఉండే నూనె మనకి సువాసన, దానికి మాత్రం తెరిపిలేని పొగ. ముక్కు మండుతుంది, కళ్ళు కారతాయి, నెలల తరబడి అదే అయితే లోపల కాలేయం కూడా దెబ్బతింటుంది. పైగా ఆ పొడి ఒకటి.

పొడి రాకుండా తను చేత్తో ఏరి తెస్తానని మేస్త్రి చెప్పాడు. ఏరితే పొడి తగ్గుతుంది గానీ వాసన పోదు కదా అంది డాక్టరు.

"నేను ఇరవై రెండేళ్ళుగా దీని మధ్యనే ఉన్నానమ్మా. నాకేం కాలేదు."

డాక్టరు అతని ముఖంలోకి ఒక్క క్షణం చూసింది. ఏదో అనబోయి, కలం తీసుకుని చీటీ రాసింది. గూట్లో పరవడానికి ఏది పనికొస్తుందో కూతురికి ఒక్కొక్కటే చెప్పింది. వాసన ఉండకూడదు, పొడి రాలకూడదు, తడి పీల్చుకోవాలి, కొరికి మింగినా హాని చెయ్యకూడదు. కుందేలు పాదాలకి కుక్కలకున్నట్టు మెత్తటి దిండ్లుండవు, బొచ్చు మాత్రమే ఉంటుంది, అందుకని కాళ్ళు దిగబడేంత మందంగా పరవాలి. కాగితం వేస్తే పైన ఎండుగడ్డి ఉండాలి, నిగనిగలాడే రంగుల కాగితం మాత్రం వద్దు. పిల్లులకి వాడే, తడిస్తే ముద్దకట్టే ఇసుక అసలే వద్దు. పది రోజులాగి మళ్ళీ తీసుకురమ్మంది.

తిరిగొచ్చే దారిలో మేస్త్రికి ఒకటే ఆలోచన. ఇంట్లోకి తను తెచ్చే వస్తువుల్లో అడక్కుండా, ఎవరూ పేచీ పెట్టకుండా వచ్చేది ఆ సంచీ ఒక్కటే. అది కాస్తా విషం అని తేలింది.

అయినా వదలబుద్ధి కాలేదు. గూట్లోంచి తీసేసిన పొట్టంతా జల్లెడ పట్టి, మేడమీద దుప్పటి పరిచి ఎండబోశాడు. ఎండకి నూనె ఎగిరిపోతుందని అతని ఆశ. మంగళవారం పనినుంచి రాగానే మేడెక్కి గుప్పెడు పొట్టు తీసుకుని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. ఏమీ తెలియలేదు. గట్టిగా పీల్చాడు. అప్పుడూ ఏమీ తెలియలేదు. గెలిచినంత సంబరంగా కిందికి దిగి కూతురి ముందు గుప్పిలి విప్పాడు.

"వాసన ఉందా?"

"ఉంది."

భార్య ముందు పెట్టాడు. ఆవిడ వంగి చూసి, నిన్నటికీ ఇవాళ్టికీ తేడా లేదంది. అతను నమ్మలేదు. డాక్టరు మాటే ఇద్దరూ పట్టుకున్నారని విసుక్కుని, సంచీలో మిగిలిన తాజా పొట్టు తీసి చూసుకున్నాడు. అందులోనూ ఏమీ తెలియలేదు. శనివారం సాయంత్రం ఘుమఘుమలాడుతోందని అనుకున్నాడు గదా, అది నిజంగా ముక్కుకి తెలిసిందో, ఎప్పటినుంచో తెలిసిన సంగతి కాబట్టి అలా అనుకున్నాడో అతనికి గుర్తు రాలేదు. సంచీ మూతి కట్టేసి మూలన పెట్టాడు. చేతులు రెండుసార్లు కడుక్కున్నాడు.

భార్య తన స్నానం తువ్వాళ్ళలో మెత్తబడ్డవి రెండు మడిచి గూట్లో పరిచింది. బూడిద వాటిమీద హాయిగా కాళ్ళు చాపింది. అందరూ కాస్త తెరిపినపడ్డారు. బుధవారం పొద్దున్న కూతురు బడికి తయారవుతూ వెళ్ళి చూస్తే బూడిద దవడలు ఆడుతున్నాయి, మూతి పక్కనుంచి దారం ఒకటి వేలాడుతోంది. పిల్ల కేక పెట్టకుండా, ఊపిరి బిగబట్టి, దారాన్ని కొద్దికొద్దిగా లాగింది. జానెడు వచ్చింది. మింగితే పేగుల్లో చుట్టుకుపోయేదని మేస్త్రికి డాక్టరు చెప్పకుండానే తెలిసింది. మిషను రోలరుకి గుడ్డపీలిక చుట్టుకుంటే ఏమవుతుందో అతను చూసినవాడే.

ఆ సాయంత్రం భార్య ప్రెస్సునుంచి వస్తూ పెద్ద కవరు మోసుకొచ్చింది. ఆవిడ అక్కడ బైండింగు విభాగంలో పనిచేస్తుంది. పుస్తకాల అంచులు కోసినప్పుడు రాలే కాగితపు ముక్కలు రోజూ తట్టలకొద్దీ పోతాయి. వాటిలో సిరా అంటనివి, నునుపు పూత లేనివి విడిగా ఏరి తెచ్చింది. గూటి ముందు కూర్చుని వాటిని గుప్పిళ్ళతో నలిపి మెత్తచేస్తూ, మేస్త్రికి వినబడేటట్టు కూతురితో అంది.

"మీ నాన్న పొట్టు పోయి నా కాగితం వచ్చింది. ఇంక ఈ ఇంట్లో పెత్తనం నాదే."

అతనికి నవ్వొచ్చింది, ఉక్రోషమూ వచ్చింది. కాగితం తడి పీలుస్తుంది గానీ వెచ్చదనం ఇవ్వదని, పైన ఎండుగడ్డి వెయ్యాలని డాక్టరు చెప్పింది కదా, గడ్డి సంగతి తను చూసుకుంటానని లేచాడు. రెండు వీధుల అవతల ఆవుల పాక ఉంది. పాకవాడు చేతికందిన మోపు తీసి ఇచ్చాడు. మేస్త్రి మోపు మధ్యలోకి చెయ్యి దూర్చి కాసేపు ఉంచాడు. కలపలో పచ్చిదనం ఎంత ఉందో తడిమి చెప్పగల చెయ్యి అది. లోపల చెమ్మ ఉందని, రెండు రోజుల్లో బూజు పడుతుందని చెప్పి పక్కన పెట్టాడు. రెండోది దుమ్ము రేపింది. నాలుగో మోపు దగ్గర ఆగాడు. గడ్డికాడ విరిస్తే టక్కున విరిగింది, ఆకు మడిస్తే వంగింది. ఆవులకి లేని పట్టింపు కుందేళ్ళకేమిటని పాకవాడు గొణిగాడు గానీ మోపు కట్టి ఇచ్చాడు.

కింద న్యూసుపేపరు, దానిమీద తెల్లకాగితం, పైన జానెడు మందాన ఎండుగడ్డి. మచ్చ లోపలికి దిగి, అటూ ఇటూ తిరిగి, గడ్డిని మూతితో తోసి గుంట చేసుకుంది. అందులో ఒదిగి కూర్చుని గోడలాంటి గడ్డినే తినడం మొదలుపెట్టింది. తుమ్ము కోసం ముగ్గురూ ఎదురుచూశారు. ఒక్కసారి తుమ్మింది. అంతే.

గురువారం పదకొండు గంటలప్పుడు యజమాని ఆఫీసు గదికి రమ్మని కబురు పెట్టాడు. మేస్త్రి మిషను ఆపి, పొడి దులుపుకుని వెళ్ళాడు. యజమాని ఎదురుగా పెంపుడు జంతువుల కొట్టాయన కూర్చుని ఉన్నాడు. బజారులో పెద్ద కొట్టు. బల్లమీద ఖాళీ ప్లాస్టిక్ సంచీ ఒకటి పరిచి ఉంది. దానిమీద బుగ్గలు ఉబ్బిన కుందేలు బొమ్మ, కింద రంగురంగుల అక్షరాల్లో సహజం, సురక్షితం, సువాసన అని మూడు మాటలు. పక్కన గిన్నెలో గుప్పెడు దేవదారు పొట్టు.

యజమాని మంచి హుషారుగా ఉన్నాడు. ఇన్నాళ్ళూ పారబోసుకోవడమే పెద్ద పనిగా ఉన్న పొట్టుకి ఒక దారి దొరికింది. నెలనెలా కావాలంటున్నారట.

"ఇదిగో, మా మేస్త్రి. ఈయన ఇంట్లో రెండు కుందేళ్ళున్నాయి. వారం వారం ఇక్కణ్ణుంచే సంచీ మోసుకెళ్తాడు. ఏం మేస్త్రీ, మీ కుందేళ్ళు దీనిమీదేగా పెరిగింది?"

పెరిగింది అన్న మాట దగ్గర మేస్త్రికి ఒక సందు కనిపించింది. పెరిగిన మాట నిజమే. అవునండి అని తలూపి తిరిగి మిషను దగ్గరికి పోతే, అది అబద్ధమని ఎవరూ అనలేరు. అతను గిన్నెలోని పొట్టు వైపు చూశాడు. తన చేతికిందనుంచి వచ్చిన పొట్టే. చుట్టలు చూస్తేనే తెలుస్తోంది, ఎక్కడా తెగకుండా, ఒకే మందం. కొట్టాయన జేబులోంచి చిన్న పుస్తకం తీసి, చెప్పబోయేది రాసుకుందామన్నట్టు చూస్తున్నాడు.

"పోయిన ఆదివారం దాకా వేశానండి. ఇప్పుడు తీసేశాను" అన్నాడు మేస్త్రి.

కొట్టాయన ఎందుకని అడిగాడు.

"తుమ్ముతున్నాయి. ముక్కులు, కళ్ళు కారుతున్నాయి. డాక్టరు ఇదే కారణమంది."

యజమాని నవ్వేశాడు. మా మేస్త్రికి కాస్త గారాబం ఎక్కువ, పిల్లల్లా చూసుకుంటాడు అన్నాడు. కొట్టాయన నవ్వలేదు. మరి ఏ పొట్టయితే బాగుంటుందని మేస్త్రినే అడిగాడు. మేస్త్రి చెప్పడం మొదలుపెట్టాడు. వాసన లేని తెల్లకలప ఉంది, దాన్ని బట్టీలో బాగా ఆరబెట్టాలి, రెండు జల్లెళ్ళు పట్టాలి, దేవదారుతో కలవకుండా వేరే రోజు పట్టాలి, కింద కాగితం, పైన గడ్డి ఉండాలి. ఆ గదిలో ఏడాది మొత్తంలో మాట్లాడినంత ఆ పది నిమిషాల్లో మాట్లాడాడు. మధ్యలో రెండుసార్లు దగ్గొస్తే ఆగి, మళ్ళీ అందుకున్నాడు. కొట్టాయన పుస్తకం మూసి, ఆలోచించుకుని చెబుతానని లేచాడు. సంచీ బల్లమీదే వదిలేసి వెళ్ళాడు.

యజమాని పొట్టు గిన్నెని పక్కకి నెట్టాడు. ఆ సంచీని నాలుగు మడతలు పెట్టి సొరుగులో వేశాడు.

"మాట్లాడ్డం బాగానే వచ్చే నీకు" అన్నాడు చివరికి.

మర్నాడు పొద్దున్న, యార్డులో మనుషులు తక్కువగా ఉన్నారని, కొన్నాళ్ళు అక్కడి పని చూడమని మేస్త్రికి చెప్పారు. చిత్రిక మిషను బక్కోడికి అప్పగించారు. బక్కోడు తల పైకెత్తలేదు. "నేనడగలేదన్నా" అని మాత్రం అన్నాడు. మేస్త్రి మిషను తాళంచెవి అతని చేతిలో పెట్టి, ఎడమవైపు రోలరు కొద్దిగా బిగువని, పలకని తొయ్యొద్దని, అది తనే లాక్కుంటుందని చెప్పి బయటికొచ్చేశాడు.

యార్డు పనంటే కొత్తగా చేరినవాళ్ళకి ఇచ్చే పని. లారీలోంచి దిగిన పలకల్ని దొంతర్లుగా పేర్చాలి. వరసకీ వరసకీ మధ్య సన్నటి పుల్లలు పెట్టాలి. గాలాడకపోతే కలప పుచ్చిపోతుందని యజమాని రోజుకి రెండుసార్లు వచ్చి ఆ పుల్లల్ని స్వయంగా చూసుకుంటాడు. మేస్త్రికి నడుం పట్టేసింది, అరచేతుల్లో పేళ్ళు దిగాయి. అన్నిటికన్నా చెవులతో పెద్ద బాధయింది. లోపలి మిషను చప్పుడు బయటికి వినిపిస్తూనే ఉంటుంది. పలక ఎప్పుడు లోపలికి పోయిందో, ఎప్పుడు బయటికొచ్చిందో తెలిసిపోతుంది. బక్కోడు తొందరపడుతున్నాడు. రెండో రోజుకి కత్తి మొద్దుబారింది, అయినా మార్చలేదు. చప్పుడులో ఒక కీచు కలిసింది. ఆ కీచు విన్నప్పుడల్లా మేస్త్రి చేతులు గాల్లో లేని లివరు కోసం కదిలేవి. పలక పట్టుకుని అలాగే నిలబడిపోతే లారీవాళ్ళు కేకలేశారు. నాలుగుసార్లు గుమ్మం దాకా వెళ్ళి తిరిగొచ్చాడు.

ఇంట్లో ఆ సంగతి చెప్పలేదు. బట్టలమీద పొడి లేకపోవడం చూసి భార్యే అడిగింది. చెప్పాక, అవునండి అనేసి ఊరుకోవాల్సింది కదా అని ఆవిడ అనలేదు. అలా అంటే తనకి కాస్త కోప్పడే అవకాశం దొరికేది. ఆవిడ అతని అరచెయ్యి దీపం కిందికి లాక్కుని సూదితో పేళ్ళు తీస్తూ కూర్చుంది.

వెనక గోడ పక్కన దొంతర వేస్తున్న రోజున, గోడ అవతల పెరట్లో ఒకావిడ బట్టలు ఆరేస్తూ పలకరించింది. చిత్రిక గదికి ఆ వైపు ఉన్న ఒకే ఒక్క కిటికీకి అడ్డంగా చెక్కలు కొట్టి ఉన్నాయి. లోపలివాళ్ళకి అది కిటికీ అన్న సంగతి కూడా గుర్తులేదు, గోడలాగే అలవాటైపోయింది. పొడి మా ఇంట్లో పడుతోందని ఎప్పుడో వెనకింటివాళ్ళు గొడవకొస్తే యజమాని ఆ చెక్కలు కొట్టించాడు. ఆ గొడవ పెట్టిన మనిషే కాబోలు అనుకుని మేస్త్రి ముక్తసరిగా జవాబిచ్చాడు. ఆవిడ మాత్రం ఆ కిటికీనే చూపించి, లోపల ఏం పని చేస్తారని, ఆ మిషన్ల వేడిలో తలుపులు బిడాయించుకుని ఎలా ఉంటారని అడిగింది.

"మీరే గదమ్మా మూయించింది" అన్నాడు మేస్త్రి.

ఆవిడ బట్ట పిండుతూ ఆగిపోయింది. తాము ఆ ఇంట్లోకి వచ్చి మూడేళ్ళయిందని, అంతకుముందు ఎవరున్నారో తెలియదని చెప్పింది. మిల్లువాళ్ళు తమకి లోపల ఏమీ కనిపించకుండా ఎందుకు మూసుకున్నారా అని తనూ తన అత్తగారూ అనుకునేవారట. తనకి ఆ కిటికీతో పనేమీ లేదని, బట్టలు ఆరేసే గంటసేపు పొడి రాకపోతే చాలని అంది. మేస్త్రి చేతిలోని పుల్లలు దొంతరమీద పెట్టి ఆ చెక్కల వైపు చాలాసేపు చూశాడు.

పదో రోజున మచ్చని మళ్ళీ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళారు, ఈసారి బూడిదని కూడా. కాళ్ళ లోపలి బొచ్చు పొడిగా, తెల్లగా ఉంది. కళ్ళు తేటపడ్డాయి. డాక్టరు స్టెతస్కోపు పెట్టుకుంటుంటే మేస్త్రి తనే లేచి తలుపు వైపు నడిచాడు. అక్కర్లేదు, కూర్చోండి అందావిడ. విన్నాక స్టెతస్కోపు మెడకి తగిలించుకుని, ఊపిరి శుభ్రంగా ఉందని కూతురికి చెప్పింది. ఆ తర్వాత అతని వైపు తిరిగింది.

"మీకు కూడా తగ్గినట్టుందే."

ఏమిటి తగ్గిందో అతనికి అర్థం కాలేదు.

"దగ్గు. ఆ రోజు మీరున్నంతసేపూ దగ్గుతూనే ఉన్నారు. దీని ఊపిరి నాకు వినబడలేదు. అందుకే బయట నిలబడమన్నాను. ఇవాళ వచ్చి పావుగంటయింది, ఒక్కసారి కూడా దగ్గలేదు. పని మానేశారా?"

మానలేదు, యార్డుకి మార్చారని కూతురు జవాబు చెప్పింది. డాక్టరు మనుషుల డాక్టరు దగ్గర ఒకసారి ఛాతీ చూపించుకోమంది. తను చెప్పగలిగింది అంతవరకేనంది. మేస్త్రి తలూపాడు. బయటికొచ్చాక ఎందుకో ఒకసారి కావాలని గట్టిగా ఊపిరి పీల్చి వదిలాడు. మళ్ళీ పీల్చాడు. ఛాతీలో ఏదీ అడ్డుపడలేదు. అడ్డుపడేది ఒకటుండేదని అప్పుడే తెలిసింది. కూతురి చేతిలోని బుట్ట తను అందుకున్నాడు.

ఇంటికి పోయే దారిలోనే జంతువుల కొట్టు. అద్దాల వెనక దేవదారు పొట్టు సంచీలు ఎత్తుగా పేర్చి ఉన్నాయి. అదే కుందేలు బొమ్మ, అవే మూడు మాటలు. ఇంకెవరి మిల్లునుంచో వచ్చి ఉంటాయి. కూతురు ఆగి తండ్రి ముఖంలోకి చూసింది. మేస్త్రి లోపలికి వెళ్ళాడు. కొట్టాయన గుర్తుపట్టి, ఏం చెప్పమంటారు, అందరూ వాసనే అడుగుతున్నారని మొహమాటపడ్డాడు. మేస్త్రి అతనితో వాదించలేదు. కుందేళ్ళ కోసం ఎవరైనా అడిగితే ఒక్క మాట చెప్పమని మాత్రం అడిగాడు. కొట్టాయన చెబుతానన్నాడు. చెబుతాడో లేదో తెలియలేదు. ఇంటికొచ్చేదాకా ఆ సంచీలే కళ్ళముందు కదిలాయి.

మర్నాడు పొద్దున్నే యజమాని యార్డులోకి వచ్చాడు. ఈసారి పుల్లలు చూడలేదు. తలుపుల పలకలు పద్దెనిమిది పాడయ్యాయని, మీద చెయ్యి వేస్తే అలలు తగులుతున్నాయని, ఎల్లుండికి ఇవ్వాల్సిన పని అని చెప్పాడు. రేపటినుంచి నీ మిషను నువ్వు చూసుకో అన్నాడు. అంటూనే వెళ్ళిపోబోయాడు.

వారం రోజులుగా మేస్త్రి ఎదురుచూస్తున్న మాట అది. చెవిన పడగానే కాళ్ళు ముందుకి పడబోయాయి. ఆపుకున్నాడు.

"కిటికీ తీయిస్తే వస్తానండి."

యజమానికి ఏ కిటికీయో గుర్తు రావడానికి కొంతసేపు పట్టింది. వెనకింటివాళ్ళు ఊరుకోరని అన్నాడు.

"వాళ్ళు ఖాళీ చేసి మూడేళ్ళయిందండి. ఇప్పుడున్నావిడకి అభ్యంతరం లేదు. బట్టలు ఆరేసే గంట మిషను ఆపుకుంటే చాలంది."

"ఎవరు అడగమన్నారు నిన్ను?"

"ఎవరూ అడగలేదండి. అందుకే అది మూసుంది."

యజమాని అతన్ని తేరిపార చూశాడు. మేస్త్రి చూపు దించలేదు గానీ, చేతిలోని పలక అంచుని బొటనవేలు గబగబా రుద్దుతోంది. రానంటే యార్డులోనే ఉండిపోవాలి, అసలు ఇంటికే పొమ్మనొచ్చు కూడా. పొడి బయటికి లాగే గొట్టం కూడా ఒకటి కావాలని చెప్పేశాడు, ఇంక దాచుకోవడమెందుకని. గొట్టం సంగతి తర్వాత, ముందు ఆ పలకల పని కానీ అన్నాడు యజమాని. కిటికీ తియ్యమనలేదు, వద్దనీ అనలేదు. ఆఫీసు గదికి వెళ్ళి తలుపు వేసుకున్నాడు.

మేస్త్రి సామాను పెట్టెలోంచి మేకులు పీకే సుత్తి తీసుకుని చిత్రిక గదిలోకి నడిచాడు. బక్కోడు మిషను ఆపేసి, పాడైన పలకల మధ్య దిగులుగా కూర్చుని ఉన్నాడు. ఇద్దరూ కలిసి గోడకి ఆనించిన సామాన్లు పక్కకి లాగారు. మేకులు తుప్పుపట్టి, లాగితే మూలిగాయి. మొదటి చెక్క ఊడాక చెయ్యి పట్టేంత సందు పడింది. రెండోదీ మూడోదీ బక్కోడు తన బరువంతా వేసి గుంజాడు. నాలుగోది దానంతటదే జారి పడింది.

తూర్పు ఎండ పెద్ద పలకలా ఏటవాలుగా గదిలోకి దిగి మిషను మీద పడింది. అంతదాకా దీపం వెలుతుర్లో ఖాళీగా కనిపించిన గదిలో ఒక్కసారిగా పొడి కనిపించింది. మిషను ఆగి అరగంట దాటినా అది కిందికి దిగలేదు. ఎండ పడినంత మేరా, నేలనుంచి కప్పు దాకా సందు లేకుండా, మెల్లగా కదులుతూ ఉంది.

బక్కోడు ఆ వెలుతుర్లోకి చెయ్యి చాపి, గుప్పిలి మూసి తెరిచి చూసుకున్నాడు. తర్వాత భుజంమీది తువ్వాలు తీసి ముక్కుకీ నోటికీ అడ్డం కట్టుకున్నాడు.

"ఇంతసేపూ ఇది ఇక్కడే ఉందా అన్నా?"

మేస్త్రి సుత్తి కింద పెట్టాడు. ఊడిన చెక్కల్ని ఒకదానిమీద ఒకటి పేర్చి, గది బయటికి మోసుకెళ్ళి గుమ్మానికి దూరంగా పడేసి వచ్చాడు.